ముప్పై రెండు కౌంటీల మైదానం: ఐరిష్ రిపబ్లికన్ రాజకీయాల్లో ఆట

1906లో ఏథెన్స్‌లో జరిగిన పోటీలను ఒలింపిక్ కమిటీ ఆ తర్వాత తన లెక్కలోంచి తీసేసింది. ఐరిష్ చరిత్ర మాత్రం వాటిని మరవలేదు. ఆ పోటీల లాంగ్‌జంప్‌లో పీటర్ ఓకానర్‌కు రజత పతకం వచ్చింది. 1901లో అతడు దూకిన 7.61 మీటర్ల దూరం అప్పటికి ప్రపంచ రికార్డు. అది ఇరవై ఏళ్లు చెక్కుచెదరలేదు. విజేతల జెండాలు ఎగరేసే వేళ అతని పేరు మీద లేచింది యూనియన్ జాక్. ఐర్లాండ్‌కు సొంత ఒలింపిక్ సంఘం లేదు కనుక నిర్వాహకులు అతణ్ని బ్రిటన్ మనిషిగా రాసుకున్నారు. ఓకానర్ జెండా స్తంభం ఎక్కి, వెంట తెచ్చుకున్న ఆకుపచ్చ జెండాను విప్పి ఊపాడు. ఐర్లాండ్ చిరకాలం వర్ధిల్లాలన్న అర్థంలో ‘ఎరిన్ గో బ్రా’ అన్న మాటలు దాని మీద ఉన్నాయి. అతణ్ని ఎవరూ కిందికి లాగకుండా సాటి ఐరిష్ అథ్లెట్ కాన్ లీహీ స్తంభం మొదట్లో కాపలా నిలబడ్డాడు.

ఈ సంఘటనను జెండా కథగానే ఎక్కువగా చెప్పుకుంటారు. దాని మూలం మాత్రం పోటీదారుల నమోదు పట్టికలో ఉంది. ఐర్లాండ్ అన్న పేరు మీద ఎవరు బరిలోకి దిగవచ్చు, ఆ పేరు రాసుకునే అధికారం ఏ సంఘానిది, ఆ సంఘం పరిధి ఎన్ని కౌంటీలు (మన జిల్లాల వంటివి) అన్న ప్రశ్నలు తర్వాతి వందేళ్లలో అక్కడి క్రీడారంగాన్ని పదే పదే చీల్చాయి. బ్రిటిష్ రాజరికంతో ఏ లంకె లేకుండా 32 కౌంటీల ద్వీపమంతా ఒకే గణతంత్రం కావాలన్నది రిపబ్లికన్ వాదుల పట్టు. 1921 నాటికి ఆ ద్వీపం రెండు ముక్కలైంది. 26 కౌంటీలు స్వతంత్రమయ్యాయి, ఈశాన్యంలోని ఆరు బ్రిటన్‌లో మిగిలిపోయాయి. తుపాకీతో సాధ్యం కాని ఆ అఖండతను కొన్ని క్రీడా సంఘాలు మాత్రం తమ సభ్యత్వ రసీదుల మీద, పోటీల పట్టికల మీద నడిపిస్తూ వచ్చాయి. అందుకే అక్కడ ఒక క్రీడా సంఘం నియమావళిలో ఒక సెక్షన్ మారినా అది దేశ రాజకీయమైపోయేది.

ఇందులో మొదట చెప్పుకోవలసింది గేలిక్ అథ్లెటిక్ అసోసియేషన్ గురించి, వాడుకలో జీఏఏ. 1884 నవంబరు 1న టిప్పరేరీ కౌంటీలోని థర్లస్ పట్టణంలో, హేస్ హోటల్‌లో కొద్దిమంది కూర్చుని దాన్ని స్థాపించారు. ప్రధాన ప్రేరకుడు మైకేల్ క్యూసాక్ డబ్లిన్‌లో బ్రిటిష్ ప్రభుత్వ ఉద్యోగాల పరీక్షలకు పిల్లలను తయారుచేసే బడిపంతులు. స్వయంగా రగ్బీ, క్రికెట్ ఆడినవాడు. తొలి అధ్యక్షుడు మారిస్ డేవిన్ పేరున్న అథ్లెట్. అప్పటికి ఐర్లాండ్‌లో వ్యవస్థీకృత క్రీడలు చాలావరకు భూస్వాముల, సైనికాధికారుల, పట్టణపు పెద్దమనుషుల చేతుల్లో ఉండేవి. ‘అమెచ్యూర్’ అన్న మాటకు చెప్పిన నిర్వచనాలు కూలీలను, చేతిపనివాళ్లను బయట నిలబెట్టేవి. పనిచేసుకునే మనిషికి తీరిక దొరికేది ఆదివారం ఒక్కటే. ఆ రోజు ఆటలు తగవన్నది ప్రొటెస్టెంట్ మర్యాద. కర్రలతో బంతిని కొట్టే ప్రాచీన హర్లింగ్‌కు, చేతులూ కాళ్లూ రెండూ వాడే గేలిక్ ఫుట్‌బాల్‌కు కొత్త నియమాలు రాసి, ఆదివారాలు ఆడించడంతోనే జీఏఏ ఊళ్లలోకి అంత వేగంగా పాకింది. కరవు, వలసలు ఖాళీ చేసిన పల్లెలకు, అప్పుడప్పుడే భూపోరాటం నడిపి నిటారుగా నిలబడిన కౌలు రైతులకు అది వినోదంతో పాటు పరువూ అయింది.

సంఘానికి పోషకులుగా ముగ్గురిని ఎంచుకోవడంలో మంచి రాజకీయ లెక్క ఉంది. కాషెల్ ఆర్చ్‌బిషప్ థామస్ క్రోక్ చర్చి తరఫు మనిషి. పార్లమెంటులో స్వపరిపాలన కోసం పోరాడుతున్న చార్ల్స్ స్టూవర్ట్ పార్నెల్ రాజ్యాంగ మార్గానికి ప్రతినిధి. భూపోరాటాన్ని నిర్మించిన మైకేల్ డేవిట్ వెనక రహస్య విప్లవోద్యమపు గతం, జైలు జీవితం ఉన్నాయి. పోషకుడిగా ఉండడానికి ఒప్పుకుంటూ రాసిన ఉత్తరంలో క్రోక్ టెన్నిస్, పోలో, క్రికెట్ వంటి పరాయి ఆటలను దిగుమతి సరుకుగా ఎద్దేవా చేశాడు. ఆట ఎంపిక దేశభక్తికి పరీక్ష అన్న భావన సంఘంలో అప్పుడే నాటుకుంది. వీళ్ల కంటే లోతుగా పనిచేసిన నాలుగో శక్తి ఐరిష్ రిపబ్లికన్ బ్రదర్‌హుడ్. సాయుధ తిరుగుబాటును నమ్మిన ఆ రహస్య సంస్థ సభ్యులు స్థాపక సమావేశంలోనే ఉన్నారు. 1887 నవంబరు మహాసభలో వాళ్లు డేవిన్‌ను పక్కనపెట్టి తమ మనిషిని అధ్యక్షుణ్ని చేశారు. మతాచార్యులు సభలోంచి లేచి వెళ్లిపోయారు. క్రోక్ మధ్యవర్తిత్వంతో మరుసటి ఏడాది రాజీ కుదిరింది. ఆ రోజుల పోలీసు గూఢచారుల నివేదికల్లో ఏ కౌంటీ క్లబ్బు చర్చి వైపుంది, ఏది బ్రదర్‌హుడ్ వైపుంది అన్న లెక్కలే కనిపిస్తాయి. 1891 అక్టోబరులో పార్నెల్ అంత్యక్రియల్లో జీఏఏ కార్యకర్తలు సుమారు రెండు వేల మంది నల్లగుడ్డ చుట్టిన హర్లింగ్ కర్రలను భుజాన పెట్టుకుని నడిచారు. తుపాకీ పట్టే హక్కు లేని జనం సైనిక కవాతు చేస్తే ఎలా ఉంటుందో డబ్లిన్ ఆ రోజు చూసింది.

ఇక్కడ ఒక వింత ఉంది. ఇంగ్లీషు తనాన్ని అంతగా ద్వేషించిన ఈ సంఘం తన నిర్మాణానికి పునాదిగా ఎంచుకున్న కౌంటీ ఇంగ్లీషు పాలకులు పన్నుల కోసం, న్యాయస్థానాల కోసం గీసిన గీత. వాటిలో చివరిదైన విక్లో ఏర్పడింది 1606లో. పాతకాలపు తెగలతో, రాజ్యాలతో ఆ గీతలకు పొత్తు సరిగా కుదరదు. కానీ అఖిల ఐర్లాండ్ పోటీలు కౌంటీ జట్ల మధ్య జరగడం మొదలయ్యాక ఒకటి రెండు తరాల్లోనే టిప్పరేరీ మనిషి, కెర్రీ మనిషి అన్న మాటలకు నెత్తుటి సంబంధమంత బలం వచ్చింది. పరాయి పాలకుడు గీసిన సరిహద్దు కూడా ఆట వల్ల సొంతమైపోతుందన్న మాట. 1921 విభజన రేఖ విషయంలో అలా జరగలేదు. కారణం ఆ రేఖను జీఏఏ తన పటం మీదికి రానివ్వలేదు. విభజన తర్వాతా అల్స్టర్ ప్రావిన్స్ పోటీల్లో తొమ్మిది కౌంటీలే ఆడాయి, వాటిలో ఆరు బ్రిటన్ పాలనలో, మూడు స్వతంత్ర ఐర్లాండ్‌లో ఉన్నా. 1960లో డౌన్ జట్టు ఫుట్‌బాల్ ఫైనల్ గెలిచి శామ్ మగ్వైర్ కప్పును మొదటిసారి సరిహద్దు దాటించి ఉత్తరానికి తీసుకెళ్లింది. ఆ కప్పు మోసే పేరు లండన్ తపాలా శాఖలో పనిచేస్తూ తర్వాత విప్లవ నాయకుడైన మైకేల్ కాలిన్స్‌ను బ్రదర్‌హుడ్‌లో చేర్చిన ఒక కార్క్ ప్రొటెస్టెంటుది.

సంఘాన్ని కలిపి ఉంచిన మరో సాధనం నిషేధం. 1880ల్లో మొదలై, మధ్యలో సడలి, 1900ల తొలి ఏళ్లలో మళ్లీ బిగిసిన రెండు నియమాలు చాలా కాలం నడిచాయి. రగ్బీ, సాకర్ (మనం ఫుట్‌బాల్ అనే ఆట), క్రికెట్, హాకీ ఆడినవాళ్లను, చూడటానికి వెళ్లినవాళ్లను సభ్యత్వం నుంచి తొలగించేది ఒకటి. బ్రిటిష్ సైనికులకు, పోలీసులకు సభ్యత్వం ఇవ్వరాదనేది రెండోది. మొదటిదాన్ని అమలు చేయడానికి క్లబ్బులు నిఘా కమిటీలు పెట్టి, సాకర్ మైదానాల గేట్ల దగ్గర తమ వాళ్ల ముఖాలు పోల్చుకునేవి. దీని వెర్రి హద్దు 1938లో బయటపడింది. గేలిక్ భాషోద్యమ పితామహుడు డగ్లస్ హైడ్ అప్పుడు దేశాధ్యక్షుడు, జీఏఏ పోషకుడు కూడా. అధ్యక్షుడి హోదాలో ఐర్లాండ్, పోలండ్ సాకర్ పోటీకి హాజరైనందుకు సంఘం ఆయనను పోషక పదవి నుంచి తొలగించింది. ఐరిష్ తనం కోసం జీవితమంతా ధారపోసిన మనిషి ఐరిష్ తనానికి ద్రోహం చేశాడని తేల్చడానికి ఒక మధ్యాహ్నపు ఆట సరిపోయింది. నిషేధాన్ని సమర్థించేవాళ్లు చెప్పే కారణంలోనూ కొంత పస ఉంది: ధనబలం, పత్రికాబలం ఉన్న ఆటల పక్కన పల్లె ఆటలు బతకాలంటే కంచె కావాలి. కానీ తన ఆట మీద ప్రేమను పక్కవాడి ఆట మీద పోలీసింగ్‌గా మార్చుకున్న సంఘం డబ్లిన్ కార్మికవాడల్లో, సాకరే ప్రాణమైన డెర్రీ, బెల్‌ఫాస్ట్ వీధుల్లో సాటి జాతీయవాదులనే దూరం చేసుకుంది. ఆ నియమాన్ని 1971లో బెల్‌ఫాస్ట్ మహాసభలో ఎత్తేశారు.

విప్లవ సంవత్సరాల్లో జీఏఏ పాత్ర గురించి ప్రచారంలో ఉన్న కథకు, పత్రాల్లో ఉన్న కథకు కొంత ఎడం ఉంది. బ్రిటిష్ పాలన మీద డబ్లిన్‌లో లేచిన 1916 ఈస్టర్ తిరుగుబాటులో పాల్గొన్న చాలామంది హర్లింగ్, ఫుట్‌బాల్ ఆటగాళ్లే. సంఘం మాత్రం అధికారికంగా తనకు ఆ తిరుగుబాటుతో సంబంధం లేదని విచారణ కమిషన్ ముందు ఖండించింది. డబ్లిన్‌లో అప్పుడు న్యాయశాస్త్రం చదువుతున్న మన వరాహగిరి వెంకటగిరి ఆ ఏడాదే ఐర్లాండ్ వదిలి రావలసి వచ్చింది. ఐరిష్ జాతీయవాదులతో చెలిమి ఉందన్న అనుమానం అప్పట్లో ఎంత దూరం పాకిందో దాన్నిబట్టి ఊహించవచ్చు. సంఘం ఎంత ఖండించినా ప్రభుత్వమే దాన్ని విప్లవంలోకి నెట్టింది. వేల్స్‌లోని ఫ్రాంగాక్ శిబిరంలో సుమారు 1,800 మంది ఐరిష్ ఖైదీలను కుక్కితే, వాళ్లు కౌంటీలవారీగా జట్లు కట్టి గేలిక్ ఫుట్‌బాల్ పోటీలు నడిపారు. ఫైనల్ కెర్రీ, లౌత్ జట్ల మధ్య జరిగింది. ఒకే చోట చేరని మనుషులను ప్రభుత్వ ఖర్చుతో ఒక్క చోట చేర్చి, వాళ్లకు తీరిక కూడా ఇచ్చిన ఆ శిబిరం రానున్న గెరిల్లా యుద్ధానికి పాఠశాల అయింది.

1918 వేసవిలో బహిరంగ సమావేశాలకు, ఆటల పోటీలకు అనుమతిపత్రం తప్పనిసరి చేశారు. అనుమతి అడగవద్దని జీఏఏ క్లబ్బులన్నింటికీ ఆదేశం పంపి, ఆగస్టు 4 ఆదివారం మధ్యాహ్నం మూడు గంటలకు దేశమంతటా ఒకేసారి ఆటలు పెట్టింది. ఆ రోజు సుమారు 54 వేల మంది ఆడారని సంఘం లెక్క. ఆ అంకెను కొంత తగ్గించి చూసినా, అంతమందిని అరెస్టు చేసే జైళ్లు ఏ ప్రభుత్వానికీ ఉండవు. అనుమతిపత్రాల సంగతి ఆటల వరకు అక్కడితో మూలపడింది. ఆయుధం లేకుండా, ఉపన్యాసం లేకుండా, బంతి ఆడటమే శాసనోల్లంఘన అయిన ఈ ‘గేలిక్ ఆదివారం’ ఐరిష్ నిరసన చరిత్రలో దక్కవలసినంత చోటు దక్కని ఘట్టం. దాని మీద నెత్తురు మరక లేకపోవడమే అందుకు కారణం కావచ్చు.

నెత్తురు మరక ఉన్న ఆదివారం 1920 నవంబరు 21. ఆ ఉదయం కాలిన్స్ దళం డబ్లిన్ ఇళ్లలో, హోటళ్లలో బ్రిటిష్ గూఢచారులుగా భావించినవాళ్లను పదిహేను మంది వరకు చంపింది. మధ్యాహ్నం జీఏఏ ప్రధాన మైదానమైన క్రోక్ పార్కులో డబ్లిన్, టిప్పరేరీ జట్ల మధ్య ఫుట్‌బాల్ పోటీ ఉంది. ఆట రద్దు చేస్తే ఉదయపు హత్యలతో సంఘానికి సంబంధం అంటగట్టినట్టవుతుందన్న భయం నిర్వాహకులది. పోలీసులు, వాళ్లకు తోడుగా పెట్టిన ఆగ్జిలరీ దళం మైదానంలోకి వచ్చీ రాగానే కాల్పులు మొదలయ్యాయి; అవి సాగింది సుమారు 90 సెకన్లు. 14 మంది చనిపోయారు. వాళ్లలో పది, పదకొండు, పద్నాలుగేళ్ల పిల్లలు ముగ్గురు. కొద్ది రోజుల్లో పెళ్లి కావలసిన యువతి ఒకరు. టిప్పరేరీ ఆటగాడు మైకేల్ హోగన్. సైనిక విచారణ గుట్టుగా జరిగి, దాని పత్రాలు దశాబ్దాల పాటు తాళం కింద ఉండిపోయాయి. క్రోక్ పార్కులో ఒక స్టాండుకు హోగన్ పేరు పెట్టారు. అప్పటి నుంచి ఆ మైదానానికి ఆటస్థలం కంటే సమాధిస్థలమన్న గౌరవం ఎక్కువైంది. ఎవరిని లోపలికి రానివ్వాలన్న చర్చ ఎప్పుడు వచ్చినా ఆ పద్నాలుగు మంది సాక్షులుగా నిలబడతారు.

జ్ఞాపకం ఎక్కడ చాలదో అక్కడ పుక్కిటి పురాణం వచ్చి చేరుతుంది. అదే మైదానంలో ‘హిల్ 16’ అనే దిబ్బ ఉంది. డబ్లిన్ అభిమానులు నిలబడే చోటు. 1916లో కూలిన ఓకానల్ వీధి భవనాల శిథిలాలు పోసి దాన్ని కట్టారని తరతరాలుగా చెప్పుకుంటారు. నిజానికి ఆ దిబ్బ తిరుగుబాటుకు ముందే, 1915లో లేచింది. దాని తొలి పేరు ‘హిల్ 60’. గలిపొలిలో బ్రిటిష్ సైన్యంలో చేరి పోరాడిన ఐరిష్ సైనికులు చచ్చిన కొండ పేరది. 1930ల్లో ఆ పేరు రిపబ్లికన్ దేశానికి నచ్చక 16 అయింది. ఒకే మట్టి దిబ్బ బ్రిటిష్ సైన్యం స్మృతిలోంచి బ్రిటిష్ వ్యతిరేక స్మృతిలోకి ఇంత సునాయాసంగా మారిపోవడం కంటే జాతీయ గుర్తింపు ఎలా తయారవుతుందో చెప్పే ఉదాహరణ వెతకనక్కర్లేదు.

బ్రిటన్‌తో కుదిరిన ఒప్పందం మీద 1922లో అంతర్యుద్ధం వచ్చి రిపబ్లికన్లే రెండుగా చీలినప్పుడు ఆట మరో పని చేసింది. ఆ యుద్ధం కెర్రీలో జరిగినంత క్రూరంగా మరెక్కడా జరగలేదు. 1923 మార్చిలో బ్యాలీసీడీ దగ్గర ఖైదీలను మందుపాతరకు కట్టి పేల్చిన కౌంటీ అది. యుద్ధం ముగిసినా ఖైదీలను విడవనందుకు నిరసనగా కెర్రీ జట్టు 1923 సంవత్సరపు అఖిల ఐర్లాండ్ ఫైనల్ ఆడనంది; విడుదలలయ్యాక 1924 సెప్టెంబరులో గానీ ఆ పోటీ జరగలేదు. ఇంతకీ ఆ జట్టులో ఎవరున్నారు? ఒప్పందాన్ని వ్యతిరేకించి అజ్ఞాతంలో తిరిగిన జాన్ జో షీహీ ఉన్నాడు, ప్రభుత్వ సైన్యంలో అధికారి కాన్ బ్రాస్నన్ కూడా ఉన్నాడు. షీహీ పట్టుబడకుండా వచ్చి ఆడి వెళ్లేలా బ్రాస్నన్ హామీ ఇచ్చేవాడని కెర్రీలో ఇప్పటికీ చెప్పుకుంటారు. 1931లో జట్టు నాయకత్వం తన హక్కుగా దక్కిన మాజీ ఖైదీ జో బారెట్, సొంత క్లబ్బు కోపగించినా, దాన్ని బ్రాస్నన్‌కు ఇచ్చాడు. ఇదంతా సమాధానపడటమని మెచ్చుకోవడం తేలికే. ఒకే జట్టులో ఆడినవాళ్లు ఆ యుద్ధం గురించి మాట్లాడుకోకుండా బతికే పద్ధతి నేర్చుకున్నారనడం మరింత దగ్గరి మాట.

విభజన రేఖ క్రీడా సంఘాలను ఎలా నలిపిందో తెలియాలంటే జీఏఏను వదిలి అథ్లెటిక్స్, సైక్లింగ్ వైపు చూడాలి. జీఏఏ ఆటలకు అంతర్జాతీయ సమాఖ్య లేదు, కాబట్టి దాని పటాన్ని బయటివాళ్లు దిద్దలేదు. 1922లో ఏర్పడిన జాతీయ అథ్లెటిక్, సైక్లింగ్ సంఘం కూడా 32 కౌంటీలదే. కానీ దాని ఆటగాళ్లకు ఒలింపిక్స్ కావాలి. 1928లో హామర్ త్రోలో స్వతంత్ర ఐర్లాండ్‌కు తొలి ఒలింపిక్ స్వర్ణం తెచ్చి, 1932లో దాన్ని నిలబెట్టుకున్న పాట్ ఓకలాహన్ ఆ సంఘం మనిషి. సంఘాల పరిధి రాజకీయ సరిహద్దు దాటరాదని అంతర్జాతీయ అథ్లెటిక్ సమాఖ్య పట్టుబట్టింది. ఐరిష్ సంఘం ఆరు కౌంటీలను వదులుకోనంది. 1935లో దాన్ని వెలివేశారు. 1936 బెర్లిన్ ఒలింపిక్స్‌కు ఐర్లాండ్ జట్టే వెళ్లలేదు. మూడో స్వర్ణానికి గట్టి అవకాశమున్న ఓకలాహన్ సంఘాన్ని వీడక, బెర్లిన్‌లో ప్రేక్షకుడిగా కూర్చున్నాడు. సరిహద్దును ఒప్పుకుని మరో సంఘం పెట్టుకున్నవాళ్లకు ప్రపంచ పోటీలు దక్కాయి, ఒప్పుకోనివాళ్లకు ఊరి పోటీలు మిగిలాయి. ఒక తరం అథ్లెట్లు తమ కాళ్ల బలాన్ని ఒక పటానికి తాకట్టు పెట్టారు.

సైక్లింగ్‌లో ఈ తగవు మరింత ముదిరింది. పాత సంఘపు సైక్లింగ్ శాఖ నేషనల్ సైక్లింగ్ అసోసియేషన్‌గా విడివడి, 32 కౌంటీల పట్టు వీడనందుకు 1940ల చివర్లో అంతర్జాతీయ సమాఖ్య గుర్తింపు పోగొట్టుకుంది. 26 కౌంటీల పరిధితో 1949లో పుట్టిన మరో సంఘానికి ఆ గుర్తింపు దక్కింది. వెలి పడ్డవాళ్లకు నాయకుడు జో క్రిస్టల్. చదువరి, వక్త, సాయుధ సంస్థ ఐఆర్ఏ (ఐరిష్ రిపబ్లికన్ ఆర్మీ) సభ్యుడు. తర్వాత ఆ సంస్థే అతణ్ని బయటికి పంపింది. 1953లో అతడు మొదలుపెట్టిన ‘రాస్ టాల్టన్’ సైకిల్ పోటీ దేశమంతా చుట్టి వచ్చే పందెం మాత్రమే కాదు. త్రివర్ణ పతాకం ముందు కారుకు కట్టుకుని ఊరూరా తిరిగే ఊరేగింపు కూడా. ఆ జెండాను పోలీసులు తీసేయించగల ఉత్తర ఐర్లాండ్‌లోకీ పందెం వెళ్లేది. 1956లో కుక్స్‌టౌన్ దగ్గర పోలీసులు జెండా లాక్కోబోతే సైక్లిస్టులకు, వాళ్లకు మధ్య పెనుగులాట జరిగింది. మామూలు రైతు బిడ్డలు, గుమాస్తాలు ఆ పందెంలో తొక్కడానికి వచ్చారన్నది మరవకూడదు. వాళ్లలో అందరూ క్రిస్టల్ రాజకీయం కోసం రాలేదు. ఊళ్లోంచి చక్రాల మీద వెళ్లడానికి వేరే పోటీ లేక వచ్చినవాళ్లూ ఉన్నారు.

ప్రపంచ వేదికల మీద ఈ సంఘం నిరసన చొరబాటు రూపం తీసుకుంది. 1956 మెల్‌బోర్న్ ఒలింపిక్ రోడ్ రేసులో పేరు నమోదు కాని ఐరిష్ సైక్లిస్టులు ఆరంభ రేఖ దగ్గర అసలు పోటీదారుల్లో కలిసిపోయి నిలబడ్డారు. వాళ్లను పట్టుకుని తప్పించేసరికి పోటీ ఆలస్యమైంది. బయటికి వచ్చినవాళ్లు విభజనను ఖండించే కరపత్రాలు పంచారు. 1972 సెప్టెంబరు 7న మ్యూనిక్‌లో ఇది మరింత దూరం వెళ్లింది. ఇజ్రాయెల్ క్రీడాకారుల హత్యలు జరిగి రెండు రోజులే అయింది. కొందరు ఆరంభం దగ్గర అడ్డుపడితే, మరికొందరు దారిలో పొంచి ఉండి పోటీదారులు రాగానే వాళ్ల మధ్యలోకి చొరబడ్డారు. అధికారిక ఐర్లాండ్ జట్టులోని ఉత్తరాది సైక్లిస్టు ఒకరితో ఢీకొట్టుకునే దాకా వ్యవహారం వెళ్లింది. లోకమంతా శవపేటికల వైపు చూస్తున్న వేళ కౌంటీల లెక్క ఎవరి చెవికెక్కుతుంది? అంతకంటే ఇబ్బందికరమైన సంగతి, అఖండ ఐర్లాండ్ కోసమని చేసిన నిరసనలో దెబ్బ తగిలింది ఉత్తరాదివాడై ఉండి కూడా ఐర్లాండ్ పేరు మీద తొక్కుతున్న కుర్రాడికి. సైక్లింగ్ సంఘాలు ఏకం కావడానికి 1980ల ద్వితీయార్ధం దాకా పట్టింది. ఏకమైన సంఘం ద్వీపమంతటిదీ అయింది. అంటే క్రిస్టల్ వర్గం కోరిన పటమే గెలిచింది, అయితే దారికాచి చొరబడటం వల్ల కాదు, బల్ల చుట్టూ కూర్చోవడం వల్ల.

సాకర్‌లో ఆ పటం గెలవలేదు. 1880లో బెల్‌ఫాస్ట్‌లో ఒకటి, 1921లో డబ్లిన్‌లో ఒకటిగా పుట్టిన రెండు సంఘాలు కొన్నాళ్లు చెరొక ‘ఐర్లాండ్’ జట్టును దింపి, చివరికి రెండు పేర్లకు స్థిరపడ్డాయి. కాథలిక్కుల క్లబ్బుగా పేరుపడ్డ బెల్‌ఫాస్ట్ సెల్టిక్ కథ 1948 డిసెంబరులో విండ్సర్ పార్కులో ముగిసిందనవచ్చు. ప్రత్యర్థి అభిమానులు మైదానంలోకి దూకి ఆ జట్టు ఆటగాడు జిమ్మీ జోన్స్ కాలు విరగ్గొట్టారు, జోన్స్ ప్రొటెస్టెంటు. మరుసటి ఏడాది క్లబ్బు లీగ్ వదిలేసింది. డెర్రీ సిటీ భద్రత పేరిట సొంత మైదానంలో ఆడనివ్వనందుకు 1972లో ఉత్తరాది లీగ్ నుంచి తప్పుకుని, 1985లో సరిహద్దు దాటి దక్షిణాది లీగ్‌లో చేరింది.

1969 తర్వాత ఉత్తరంలో సాయుధ సంఘర్షణ మొదలయ్యాక జీఏఏ పెట్టుకున్న పాత నియమాలకు కొత్త బరువు వచ్చింది. క్రాస్‌మగ్లెన్‌లో సైన్యం క్లబ్బు స్థలంలో కొంత ఆక్రమించి స్థావరం కట్టుకుంది. ఆట నడుస్తుండగా హెలికాప్టర్లు నెత్తిమీదుగా దిగేవి. 1988 ఫిబ్రవరిలో ఆఖ్‌నక్లాయ్ తనిఖీ కేంద్రం దాటి గేలిక్ మైదానానికి నడిచి వెళ్తున్న ఎయిడన్ మకానెస్పీ సైనికుడి తూటాకు చనిపోయాడు. 1997 మేలో బెలాఘీ క్లబ్బు అధ్యక్షుడు షాన్ బ్రౌన్ రాత్రి క్లబ్బు గేటుకు తాళం వేస్తుండగా బ్రిటన్‌తోనే ఉండాలనే సాయుధ లాయలిస్టులు ఎత్తుకెళ్లి చంపారు. ఆ క్లబ్బు పేరులో ఉన్నది రిపబ్లికన్ వాద ఆదిపురుషుడు వుల్ఫ్ టోన్. హర్లింగ్ కర్ర చేతిలో ఉండటమే ఎవరి మనిషో చెప్పేసే రోజులవి. పోలీసులకు సభ్యత్వం ఇవ్వని నియమం ఉత్తరాది సభ్యుడికి ఆత్మరక్షణగా కనిపించింది. ప్రొటెస్టెంటు పొరుగువాడికి అదే నియమం ఆ సంఘం ఐఆర్ఏ తోక అన్నదానికి రుజువుగా కనిపించింది. రెండో భావనను నేను ఒప్పుకోను. అయితే దానికి తావిచ్చిన పనులు సంఘం చేయలేదనీ అనలేను.

1981లో జైల్లోని రిపబ్లికన్ ఖైదీలు చేసిన నిరాహార దీక్షలు ఆ ఇబ్బందిని పతాక స్థాయికి తెచ్చాయి. 71 రోజుల దీక్ష తర్వాత ఆగస్టు 1న చనిపోయిన కెవిన్ లించ్ 1972లో అండర్-16 హర్లింగ్‌లో డెర్రీ జట్టుకు నాయకత్వం వహించి అఖిల ఐర్లాండ్ టైటిల్ గెలిచిన కుర్రాడు. డంగివెన్‌లోని అతని క్లబ్బు తర్వాత అతని పేరే పెట్టుకుంది. ఊరివాళ్లకు అతడు తమతో ఆడిన పిల్లవాడు; లించ్ సభ్యుడైన సాయుధ రిపబ్లికన్ సంస్థ ఐఎన్ఎల్ఏ చంపినవాళ్ల కుటుంబాలకు ఆ పేరు గోడ మీద రాసిన తూటా. అందరికంటే ముందు ప్రాణం విడిచిన బాబీ సాండ్స్ చిన్నప్పుడు ఆడింది సాకర్, అదీ రెండు మతాల పిల్లలూ ఉన్న స్టెల్లా మారిస్ జట్టులో.

ఉత్తరంలో 1998లో కుదిరిన శాంతి ఒప్పందం తర్వాత సంఘం నియమాలు ఒక్కొక్కటే సడలాయి. పోలీసు నిషేధం 2001 నవంబరులో పోయింది. ఉత్తరాది ఆరు కౌంటీల్లో డౌన్ తప్ప మిగతా అయిదూ వ్యతిరేకంగా ఓటేశాయి. ఏ నియమం ఎవరి గాయం మీద పట్టీయో ఆ ఓట్లే చెబుతాయి. 2005 ఏప్రిల్‌లో క్రోక్ పార్కును రగ్బీకి, సాకర్‌కు తాత్కాలికంగా తెరవడానికి 227 మంది అవునని, 97 మంది కాదని ఓటేశారు. 2007 ఫిబ్రవరి 24న అక్కడ ఇంగ్లండ్ రగ్బీ జట్టు నిలబడగా బ్రిటిష్ జాతీయగీతం వినిపించింది. బయట కొద్దిమంది రిపబ్లికన్లు నిరసన తెలిపారు; లోపల 80 వేల మంది నిశ్శబ్దంగా నిలబడి విన్నారు. తర్వాత ఐర్లాండ్ 43–13తో గెలిచింది. ఐరిష్ రగ్బీ జట్టు మొదటి నుంచీ ద్వీపమంతటిదీ. బాక్సింగ్ కూడా అంతే. బెల్‌ఫాస్ట్ లాయలిస్టు వాడ షాంకిల్‌లో పుట్టిన వేన్ మకల్లా 1988 సోల్ ఒలింపిక్స్‌లో ఐరిష్ త్రివర్ణ పతాకం మోశాడు. 1990లో ఉత్తర ఐర్లాండ్ తరఫున కామన్‌వెల్త్ స్వర్ణం, 1992లో ఐర్లాండ్ తరఫున ఒలింపిక్ రజతం తెచ్చాడు.

నిరసన ఇప్పుడు సంఘాల చేతిలోంచి ఒక్కొక్క ఆటగాడి చొక్కా మీదికి వచ్చింది. 2002 ఆగస్టులో ఉత్తర ఐర్లాండ్ సాకర్ జట్టుకు నాయకత్వం వహించవలసిన నీల్ లెనన్ చంపేస్తామన్న బెదిరింపుతో అంతర్జాతీయ ఆటకే స్వస్తి చెప్పాడు. డెర్రీవాడైన జేమ్స్ మక్లీన్ 2012 నుంచి ఇంగ్లండ్ క్లబ్బుల తరఫున ఆడుతూ, బ్రిటిష్ సైనికుల స్మృతిచిహ్నమైన గసగసాల పువ్వు గుర్తు చొక్కా మీద కుట్టించుకోనన్నాడు. రెండు ప్రపంచ యుద్ధాల మృతుల కోసమే అయితే ధరించేవాణ్ననీ, 1972లో తన ఊరివాళ్లను కాల్చిన సైన్యానికి కూడా అది వర్తిస్తుంది కనుక ధరించలేననీ 2014లో తన క్లబ్బు యజమానికి రాసిన ఉత్తరంలో వివరించాడు.

బెల్‌ఫాస్ట్ పడమటి వాడలో 1953లో తెరిచిన జీఏఏ మైదానానికి ఉరికంబమెక్కిన 1916 విప్లవకారుడు రోజర్ కేస్‌మెంట్ పేరు ఉంది. సంఘర్షణ తొలి ఏళ్లలో సైన్యం దాన్ని కొంతకాలం స్వాధీనం చేసుకుంది. 2013 నుంచి అక్కడ పోటీలు లేవు. 2028 యూరో సాకర్ పోటీలకు దాన్ని తిరిగి కట్టాలని ఒకప్పుడు అనుకున్నారు. 2024 సెప్టెంబరులో బ్రిటిష్ ప్రభుత్వం అందుకు డబ్బు ఇవ్వలేనంది. ఖర్చు పెరగడం, గడువు చాలకపోవడం ప్రభుత్వం చెప్పిన కారణాలు. ఆ నిర్ణయాన్ని జాతీయవాదులు ఒకలా, బ్రిటన్‌తో కలిసి ఉండాలనే యూనియనిస్టులు మరొకలా చదువుకున్నారు. మెట్ల మీద మాత్రం గడ్డి మొలిచింది.